అధిపతి సంతకం చేయవలసిన చోటు

నేను ఆ బడిలో చేరినప్పుడు దాన్ని నడిపేవాళ్లు ఇద్దరే. ఒకరు హెడ్ మిస్ట్రెస్, ఇంకొకరు సెక్రటరీ. టాటానగర్‌లో నది అవతలి మాంగో పేటలో వంతెన దిగి, బజారు దాటి, నది వైపు మళ్లితే వచ్చే రెండంతస్తుల బిల్డింగు. పదో తరగతి దాకా ఉండేది. హెడ్ మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ. పిల్లలూ మేమూ అందరం బడీ మేడమ్, అంటే పెద్ద మేడమ్, అనేవాళ్లం. సెక్రటరీ అంటే ఆ బడి పెట్టిన పెద్దాయన. జెండా పండగలకి వచ్చి ముందు వరసలో కూచుని, పిల్లలకి లడ్డూలు పంచాక వెళ్లిపోయేవారు.

వాళ్లిద్దరి మధ్య పనంతా కాగితాల మీద నడిచేది. ఐదో తరగతి గదిలో కప్పు కారుతోందని బడీ మేడమ్ రాసేవారు. వారంలో మేస్త్రీ వచ్చేవాడు. రాకపోతే ఆవిడ మొదటి కాగితం నకలు జతచేసి ఇంకో కాగితం రాసేవారు. పెద్దాయన విసుక్కునేవారు గానీ జవాబు మాత్రం ఇచ్చేవారు. నేను లెక్కల టీచర్ని. నా గోల నాది. అడిగే మనిషి ఒకరూ, జవాబు చెప్పాల్సిన మనిషి ఇంకొకరూ ఉండటం ఎంత పెద్ద సంగతో అప్పట్లో నా బుర్రకి తట్టలేదు.

తర్వాత బడికి ప్లస్ టూ వచ్చింది. పదో తరగతి దాకా అయితే హెడ్ మిస్ట్రెస్, ప్లస్ టూ ఉంటే ప్రిన్సిపాల్ ఉండాలని బోర్డు వాళ్ల రూలు. ఒక సోమవారం పొద్దున్న మేం వెళ్లేసరికి బడీ మేడమ్ గది తలుపు మీద పాత అక్షరాలు చెరిపేసి ప్రిన్సిపాల్ అని రాస్తున్నాడు పెయింటర్. స్టాఫ్ రూములో మిఠాయి డబ్బా తెరిచారు. అదే నెలలో పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. ఆయన కొడుకు బడికి రావడం మొదలుపెట్టాడు. అతన్ని సెక్రటరీ అనకూడదట. డైరెక్టర్ అనాలట. నలభై కూడా లేవు. మెత్తటి గొంతు. ఆడ టీచర్లందర్నీ దీదీ అనేవాడు. ఆ గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు.

మిఠాయి ముక్క పట్టుకుని బడీ మేడమ్ గదిలోకి వెళ్లి, "పెద్ద హోదా వచ్చింది మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఇక మీద ఎవరికి రాయాలో కనుక్కోవాలి" అన్నారు.

ఆ మాట నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు.

మరుసటి ఏడాది మూడో అంతస్తు మొదలైంది. సైన్సు ల్యాబులూ, ప్లస్ టూ గదులూ పైన వస్తాయన్నారు. పైన స్లాబు పోస్తూ ఉంటే కింద మేం పాఠాలు చెప్పేవాళ్లం. బోర్డు మీద సుద్ద కంటే సిమెంటు దుమ్మే ఎక్కువ. నది వైపు మెట్ల మీద, అన్నిటికంటే పైన, పెద్ద నీళ్ల ట్యాంకు కట్టారు. అది నిండిన కొన్నాళ్లకి ఏడో తరగతి గది తలుపు మూసుకోవడం మానేసింది. వడ్రంగి వచ్చి అంచు చెక్కి వెళ్లాడు. వానలు వెళ్లాక మళ్లీ పట్టేసింది. తలుపు ఉబ్బిందన్నారు. ఎండాకాలం వచ్చినా అది తగ్గలేదు. మొదటి అంతస్తు మెట్ల మలుపులో, గోడకీ స్లాబుకీ మధ్య ఒక బీట కనిపించింది. మొదట్లో వెంట్రుక అనుకున్నాను. వేలితో రుద్దితే పోలేదు. రోజూ దాని పక్కనించే దిగేదాన్ని. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని.

ఆ ఏడాది దసరా సెలవులయ్యాక బడీ మేడమ్ రాలేదు. ఆరోగ్యం బాగోక రాజీనామా ఇచ్చారని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో డైరెక్టర్ పెట్టాడు. అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ధన్‌బాద్ నించి కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. నాలుగు నెలలున్నాడు. ఒక శుక్రవారం లంచ్ తర్వాత స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లినవాడు శనివారం రాలేదు, సోమవారమూ రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఏమైందని ఎవరూ పైకి అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత బుధవారం డైరెక్టర్ నన్ను పిలిపించాడు.

"దీదీ, ఇరవై రెండేళ్లు మీ సర్వీసు. పిల్లలకి మీరంటే భయం, తల్లిదండ్రులకి గౌరవం. రేపట్నించి ఈ గదిలో కూచోండి."

"ప్రిన్సిపాల్‌గానా?" అన్నాను.

"ఆఫిషియేటింగ్. కొన్నాళ్లే. మంచి మనిషి దొరికే దాకా." అని నవ్వి, "దొరికేసినట్టే ఉంది" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. ఆ సంగతి దాచి రాయడం ఎందుకు. బర్మామైన్స్‌లో రైల్వే క్వార్టర్ల వెనక సందులో పుట్టినదాన్ని, హిందీ మీడియంలో చదివినదాన్ని, ఆ గదిలో కూచుంటున్నానంటే సంతోషం వేసింది. తలుపు మీద అక్షరాలు మార్చలేదు. ప్రిన్సిపాల్ అన్న మాట ముందు ఆఫిషియేటింగ్ అని కంప్యూటర్లో తీసిన కాగితం ముక్క అంటించారు. ఫ్యాను వేస్తే దాని అంచు లేచి టపటపమనేది.

ముందు సంతోషపడింది మా సైన్సు టీచరు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. వాళ్లదీ మాలాగే టెక్కలి పక్క ఊరు. జుగ్సలాయిలో ఉంటుంది. పొద్దున్న ఇద్దరం సాక్చీలో కలిసి ఒకే ఆటోలో వంతెన దాటేవాళ్లం. నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ల నాన్న టాటానగర్ స్టేషను దగ్గర ఒక బడిలో బెల్లు కొట్టే ప్యూను. ప్రిన్సిపాల్ గది గుమ్మం బయట స్టూలు మీద ఆయన ముప్పై ఏళ్లు కూచున్నాడని చెప్పేది.

"లోపల కూచుంటే ఎలాగుంటాదక్కా?" అని అడిగింది ఆ రోజు.

"ఏసీ చల్లగా ఉంటాది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడో వారంలో ఆఫీసు బడాబాబు, అంటే మా హెడ్ క్లర్కు, ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. పాత మనిషి. అందరు హెడ్‌ల దగ్గరా పనిచేశాడు. పెట్టి వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు.

బోర్డుకి పంపాల్సిన భవన భద్రత పత్రం అది. మూడంతస్తుల బిల్డింగు పిల్లలకి క్షేమంగా ఉందని, స్వయంగా చూసి చెబుతున్నానని ఉంది. అన్ని గళ్లూ నింపి ఉన్నాయి. కింద 'సంస్థ అధిపతి సంతకం, ముద్ర' అన్న చోటు ఒక్కటే ఖాళీ. దానికి జతచేసిన ఇంజినీరు సర్టిఫికెట్ తిప్పి చూశాను. అది పాతది. అందులో రెండంతస్తులనే ఉంది.

"ఇది మూడో అంతస్తుకి ముందుది కదా" అన్నాను.

"జీ మేడమ్."

"మరి కొత్తది?"

బడాబాబు కిటికీ వైపు చూశాడు. "ముందరి సాబ్ కూడా ఇదే అడిగారు. ఆయన కంటే ముందు బడీ మేడమ్ అడిగారు. ఇద్దరూ ఇక్కడిదాకా చదివారు."

అలా అని వెళ్లిపోయాడు. నేను ఆ ఫైలు మూసి సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళం వేసినంత మాత్రాన ఏమవుతుందనుకున్నానో తెలీదు. బయట లంచ్ బెల్లు కొట్టారు. నది వైపు మెట్ల మీద పిల్లలు దిగుతున్న చప్పుడు కాళ్ల కిందనించి వచ్చింది. అంతకు ముందు ఆ చప్పుడు నాకెప్పుడూ వినపడలేదు. వినపడకపోవడం ఏమిటి, ఇన్నేళ్లూ ఆ గదిలో లేను కదా.

ఆదివారం సోనారీలో బడీ మేడమ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ ఆరోగ్యంగానే ఉన్నారు. వరండాలో ఉతికిన దుప్పటి తనే పిండి ఆరేస్తున్నారు. నన్ను చూసి, "నిన్ను కూచోబెట్టారా" అన్నారు. అదో ప్రశ్నలా లేదు.

ఫైలు సంగతి చెప్పాను. విన్నాక ఆవిడ టీ పెట్టి తెచ్చి, నిదానంగా చెప్పుకొచ్చారు.

"హెడ్ మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు నేను బడి కమిటీ సెక్రటరీకి, అంటే పెద్దాయనకి, రాసేదాన్ని. జవాబు వాళ్ల బాధ్యత. ప్రిన్సిపాల్ అయ్యాక ఏమైందో తెలుసా? రూలు ప్రకారం ఆ కమిటీకి ప్రిన్సిపాలే మెంబర్ సెక్రటరీ. పెద్దాయన పేరుకి అధ్యక్షుడు. మెట్ల దగ్గర బీట ఉందని రాశాను. 'సెక్రటరీ గారికి' అని పైన రాసి, కవరు మీద పేరు రాయబోతే అది నా పేరే."

"డైరెక్టర్ ఉన్నాడు కదా."

"డైరెక్టర్ అన్న మాట బోర్డు రూల్సులో ఎక్కడైనా ఉందేమో చూడు. నేను చూశాను. ఏ కాగితం మీదా అతని సంతకం ఉండదు. ఈ కుర్చీకి నీకిచ్చిన లెటర్ మీద ఎవరిది ఉందో చూశావా?"

నేను చూడలేదు. తర్వాత ఇంటికెళ్లాక చూశాను. మంచం మీదున్న పెద్దాయన పేరుతో రబ్బరు ముద్ర వేసి ఉంది.

"మరి మీరు పిల్లల తల్లిదండ్రులకి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను ఆవిడని.

ఆవిడ టీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టారు. "నాకు అరవై రెండేళ్లు. భయమేసింది" అన్నారు.

మా నాన్న మాతోనే ఉంటాడు. టాటానగర్‌లో వేగన్లు తనిఖీ చేసే ఫిట్టరుగా రిటైరయ్యాడు. యాభై ఏళ్ల కిందట వచ్చినా మాట మాత్రం శ్రీకాకుళం దాటి రాలేదు. ఆ సాయంత్రం నేను బియ్యం ఏరుతూ కూచుంటే తనే కదిలించాడు.

"ఏటమ్మా, మొకం అలగుంది?"

"నాన్నా, రైల్వేలో ఆఫిషియేటింగ్ అంటే ఏమిటి?"

"ఆఫిసేటింగా. అది మంచి మాట కాదు తల్లీ. అసలోడు సెలవెడతాడు. కింద నాలాంటోడ్ని పిల్సి, ఈ వారం నువ్వే ఇన్‌చార్జివి అంతారు. నానొకపాలి సేసినాను."

"ఏమైంది?"

"ఏటవుద్ది. ఒక డబ్బా ఇరుసు మీద సన్నంగా బీట కనపడింది. మా ఫోర్‌మేనుకి ఆ రోజే కడుపునొప్పొచ్చింది. ఫిట్టని రాసెయ్యరా, బండి ఎల్లిపోవాల అన్నారు పైనోలు. నాను అన్‌ఫిట్ అని రాసినాను. బండి ఆగింది. అందరూ తిట్టినారు. ఏడాది పాటు నన్ను అడవిలో స్టేషనుకి తోలేసినారు."

నాకు ఆ సంగతి తెలీదు. నేను పుట్టకముందుది. "మరి ఆ డబ్బా?"

"ఇంకోడొచ్చి ఫిట్టని రాసినాడు. ఎల్లిపోయింది. మూడేళ్లు తిరిగింది. ఏటీ అవలేదు."

"అయితే నువ్వు రాసింది తప్పే కదా నాన్నా."

"తప్పో ఒప్పో నాకేటి తెల్సు. బీట నాను సూసినాను. సూసినాక సూడలేదని ఎలగ రాత్తాను?"

లోపల మా అమ్మాయి ఫోను చూసుకుంటూ, "అందరూ సైన్ చేస్తారు తాతా, సిస్టమ్ అంతే" అని హిందీలో అంది. నాన్న నేను ఏరుతున్న పళ్లెంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు.

సంతకం చెయ్యాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లు నేనేం చెయ్యగలనో చూసుకున్నాను. ఆఫిషియేటింగ్ అయినా టైంటేబులు వేసేది నేనే. ఏ క్లాసు ఏ గదిలో కూచోవాలో, ఏ మెట్లు ఎక్కి ఏ మెట్లు దిగాలో చెప్పేది నేనే. గురువారం పొద్దున్న నోటీసు పెట్టాను. నది వైపు మెట్లు మూసేశాం. ఆ వైపు గదుల్లో ఎవరూ కూచోకూడదు. ఆరూ ఏడూ హాల్లో, ఎనిమిది వరండాలో, ప్లస్ టూ పిల్లలు మధ్యాహ్నం షిఫ్టు. మెట్ల కింద బెంచీలు అడ్డం పెట్టించాను. ట్యాంకు సగానికి మించి నింపొద్దని మోటారు దగ్గర మనిషికి చెప్పాను.

రెండు వారాలు అలాగే నడిచింది. హాల్లో రెండు క్లాసులు పక్కపక్కన అరుచుకుంటూ చదివాయి. మధ్యాహ్నం షిఫ్టు ఏమిటని తల్లిదండ్రులు గొడవపెట్టారు. మెట్లు బాగుచేస్తున్నామని చెప్పాను. నిజం చెప్పలేదు. నేను కూడా బడీ మేడమ్ చేసినదే చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

డైరెక్టర్ రెండు వారాలూ ఒక్క మాట అనలేదు. రోజూ వచ్చేవాడు. బెంచీల ముందు ఆగి పైకి చూసి, నాకు నమస్తే పెట్టి వెళ్లిపోయేవాడు. అతను అరిచుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. పదిహేనో రోజున నా గదికొచ్చి ఎదురుగా కూచున్నాడు.

"దీదీ, ఫైలు మీ దగ్గరే ఉండిపోయింది."

"ఇంజినీరుని పిలిపించండి సార్. మూడంతస్తులూ చూసి అతను రాసిస్తే నేను అదే రోజు సంతకం చేస్తాను."

"ఇంజినీరు రాసిస్తే మీ సంతకం దేనికి?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు.

నేను బల్ల మీది తాళంచెవి దగ్గరికి లాక్కున్నాను.

"మీరు అలిసిపోయారు. మొహంలో తెలుస్తోంది" అని లేచి, ఫైలు ఇవ్వమని చెయ్యి చాపాడు. సొరుగు తాళం తీసి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందా, కనీసం నకలైనా తీసుకోవాల్సిందా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు మాత్రం చేతులు వాటంతటవే ఇచ్చేశాయి.

మర్నాడు నేను వెళ్లేసరికి తలుపు మీద కాగితం ముక్క లేదు. నా రిజిస్టర్లు స్టాఫ్ రూములో నా పాత బల్ల మీద సర్ది ఉన్నాయి. ఎనిమిది బి, రెండో పీరియడ్, లెక్కలు. గ్రూపులో డైరెక్టర్ నాకు కృతజ్ఞతలు చెప్పాడు. దాని కింద ఇంకో మెసేజ్. కొత్త ప్రిన్సిపాల్‌కి అభినందనలు. ఆఫిషియేటింగ్ కాదు, ఇన్‌చార్జ్ కాదు. ప్రిన్సిపాల్. మా సైన్సు టీచరు.

ఆ సాయంత్రం ఆటోలో ఇద్దరం పక్కపక్కనే కూచున్నాం. వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు అదే మాట్లాడింది.

"నీ మీదకి వచ్చాననుకోకక్కా."

"అలా అనుకోను."

"నాకు పూర్తి పోస్టు ఇత్తన్నారు. మా నాన్నకి ఫోన్లో చెప్తే ఏడిచేసినాడు."

"ఒక ఫైలు వత్తాది నీ దగ్గరికి. సంతకం పెట్టకు" అన్నాను.

"ఏ ఫైలు?"

"బిల్డింగుది."

అది నది వైపు తల తిప్పుకుంది. ఆటోలో ఇంకా ఇద్దరు మనుషులున్నారు. "నువ్వొద్దన్నావు కాబట్టే నాకు వచ్చింది గదా" అంది, చాలా నెమ్మదిగా. ముందున్న బస్సు కదిలింది. మేము మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వారం తిరక్కుండా బెంచీలు తీసేశారు. నది వైపు మెట్లు తెరిచారు. బీట మీద పుట్టీ పెట్టి రంగు వేశారు. పిల్లలు ఎప్పట్లా దిగడం మొదలుపెట్టారు. నేను మాత్రం రోడ్డు వైపు మెట్లెక్కి చుట్టూ తిరిగి క్లాసుకి వెళ్లేదాన్ని. నా క్లాసు పిల్లల్ని కూడా అటే తీసుకెళ్లేదాన్ని. మిగతా పిల్లల్ని చూసి ఊరుకునేదాన్ని.

వానలు మొదలైన నెలలో ట్యాంకు పూర్తిగా నింపారు. కొత్త రంగు మీద పాత చోటే, ఇంకొంచెం వెడల్పుగా, తడి గీత కనిపించింది.

అది మంగళవారం. లంచ్ బెల్లుకి ఇంకా పది నిమిషాలుంది. నేను ఎనిమిది బిలో సమీకరణం రాస్తున్నాను. మొదట లారీ టిప్పరు ఇసక దింపుతున్నట్టు చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేని రెండు మూడు సెకన్లలో పిల్లలందరూ నా మొహంలోకి చూశారు. అప్పుడు నీళ్ల చప్పుడు వచ్చింది.

మొదటి అంతస్తు మెట్ల మలుపు ఊడి కింద పడింది. అప్పుడు మెట్ల మీద ఉన్నది ఆయా ఒక్కతే. చిన్న పిల్లల వాటర్ బాటిళ్లు బుట్టలో పెట్టుకుని దిగుతోంది. తుంటి ఎముక, కాలు రెండు చోట్ల విరిగాయి. బతికింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. పైన చిక్కుకున్న పిల్లల్ని రోడ్డు వైపు మెట్ల మీంచి వరసగా దింపాం. మా సైన్సు టీచరు వాళ్లని లెక్కపెడుతూ గేటు దగ్గర నిలబడింది. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదట్నించి లెక్కపెట్టింది. దాని పెదాలు మాత్రమే కదులుతున్నాయి. పది నిమిషాలు ఆగి ఉంటే ఏం జరిగేదో ఆ గేటు దగ్గర ఎవరూ అనలేదు.

పోలీసులు దాన్ని అదే రోజు తీసుకెళ్లారు. భవన భద్రత పత్రం మీద సంతకం దానిది, ముద్ర దానిది.

వారం తర్వాత నన్ను కూడా స్టేషనుకి పిలిచారు. ఆ కొద్ది వారాలు నేను ఆఫిషియేటింగ్ కదా. ఎస్సై పెద్ద మనిషి, కోపం లేని మనిషి. హిందీలో అడుగుతూ తనే రాసుకుంటున్నాడు.

"బడి నడిపేది ఎవరు?"

"డైరెక్టర్."

అతను ఫైలు తిరగేశాడు. "ఈ కాగితాల్లో డైరెక్టర్ అని ఎవరూ లేరే. ప్రిన్సిపాల్ ఉంది. కమిటీ సెక్రటరీ ఉంది, అదీ ప్రిన్సిపాలే. అధ్యక్షుడు ఉన్నాడు, మంచం మీద ఉన్నాడు. డైరెక్టర్ ఎవరు?"

"రోజూ వచ్చేవాడు. నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టిందీ, తీసిందీ అతనే."

"ఏదైనా రాసి ఇచ్చాడా?"

"లేదు. లెటర్ మీద వాళ్ల నాన్న ముద్రే వేయించాడు. మిగతావి వాట్సాప్‌లో పెట్టేవాడు."

ఫోను తీసి చూపించాను. అభినందనలు, కృతజ్ఞతలు, పండగ శుభాకాంక్షలు. ఎస్సై అవన్నీ ఓపిగ్గా చదివాడు. "ఇందులో ఆర్డర్ ఏదీ లేదు మేడమ్" అన్నాడు. నిజమే. నేను మూసిన మెట్ల సంగతి, రెండంతస్తుల సర్టిఫికెట్ సంగతి చెప్పాను. నోటీసు నకలుందా అన్నాడు. నోటీసు బోర్డు మీద పెట్టిన కాగితం, ఎవరో తీసేసి ఉంటారు అన్నాను. ఆఖర్న అతను రాసినది చదివి వినిపించాడు. అందులో డైరెక్టర్ అన్న మాట బదులు 'అధ్యక్షుని కుమారుడు' అని ఉంది. డైరెక్టర్ అనే రాయమన్నాను. అలాంటి పోస్టు లేదన్నాడు. కాసేపటికి, "అని పిలవబడే" అని పక్కన చేర్చాడు. దాని కింద సంతకం చేశాను.

మా సైన్సు టీచరు నలభై రోజులకి బెయిలు మీద వచ్చింది. కేసు నడుస్తోంది. బడిలో రోడ్డు వైపు సగం తెరిచారు. నేను మానేశాను. ఇప్పుడు ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను.

జుగ్సలాయిలో వాళ్లింటికి వెళ్లడానికి నాకు రెండు నెలలు పట్టింది. తలుపు అదే తీసింది. బాగా చిక్కింది. వాళ్ల నాన్న లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మేం వంటింట్లో పీటల మీద కూచున్నాం. అది బఠానీలు ఒలుస్తుంటే నేనూ ఒక దోసెడు తీసుకున్నాను. ఆయా ఎలా ఉందని అడిగింది. చెప్పాను.

"నీకు తెల్సు గదక్కా" అంది, తలెత్తకుండా.

"చెప్పాను. ఆటోలో."

"చెప్పావు. ఒక్కసారే చెప్పావు."

గిన్నె నిండే దాకా ఇద్దరం ఒలుస్తూనే కూచున్నాం. తర్వాత అది లేచి, తొక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి, "టీ తాగుతావా?" అని అడిగింది. తాగుతానన్నాను.